అబ్జర్వేషన్ హోంలో ఎయిడ్స్ సదస్సు పెట్టమంటున్నారు, అక్కడ చూస్తేనేమో సగం మందికి గజ్జి

కొత్త_కౌన్సెలర్
కేసు విచారణలో ఉన్న మగపిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోం ఒకటి మా సంస్థకు లెటర్ పెట్టింది. ఒక గంట ఎయిడ్స్ అవగాహన సదస్సు పెట్టాలట, అదే రోజు పిల్లలందరికీ హెచ్ఐవీ టెస్టు చేయించి లిస్టు ఆఫీసులో ఇవ్వాలట. పిల్లలు దాదాపు 40 మంది, 13 నుంచి 17 ఏళ్ల వాళ్లు. ముందుగా చూసొద్దామని వెళ్తే సగం మంది తొడల మధ్య గోక్కుంటూ కూర్చున్నారు. స్నానాల గదిలో తాడు మీద నాలుగు తువ్వాళ్లు, గూట్లో ఒకే రేజరు. "రోగం ఉన్నోడెవడో ముందే తెలిస్తే వేరే గదిలో పెడతాం కదా" అని సూపరింటెండెంట్ గారి వాదన. లిస్టు ఇవ్వడం కుదరదని ఏ ఆధారంతో చెప్పాలి? గంటలో ఏం చెప్పగలం? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

నెల్లూరు_లాయరు
ఆధారం హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం, 2017. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 5 ప్రకారం, వివరంగా చెప్పి సమ్మతి తీసుకోకుండా టెస్టు చేయకూడదు. సెక్షన్ 8 ప్రకారం ఫలితం బయటపెట్టకూడదు. మీ సూపరింటెండెంట్ గారికి చూపించాల్సింది మాత్రం సెక్షన్ 31. ప్రభుత్వ సంరక్షణలోనో కస్టడీలోనో ఉన్నవాళ్లకు హెచ్ఐవీ నివారణ, కౌన్సెలింగ్, టెస్టు, చికిత్స అందుకునే హక్కు ఉందని అది చెబుతుంది. జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఉన్న పిల్లలను పేరు పెట్టి మరీ అందులో చేర్చారు. హక్కు పిల్లవాడిది, హోంది కాదు. టెస్టు అడిగితే చేయించాల్సిందే. అందరినీ వరసలో నిలబెట్టి సూది గుచ్చడం కుదరదు.

వేరే గది సంగతి: హెచ్ఐవీ ఉందని వేరు చేయడం వివక్ష. అదే చట్టం నిషేధించింది.

ప్రొబేషన్_బండి
లాయరు గారు చెప్పింది కరెక్టే, కానీ 18 లోపు పిల్లలకు సమ్మతి ఎవరివ్వాలన్న దగ్గర అందరూ ఇరుక్కుంటారు. తల్లిదండ్రులో సంరక్షకులో సంతకం పెట్టాలి. సూపరింటెండెంట్ తనంతట తాను సంరక్షకుడు అయిపోడు. ఎక్కువమంది తల్లులు జువెనైల్ జస్టిస్ బోర్డు (పిల్లల కేసులు విచారించేది) వాయిదా రోజున వస్తారు, ఆ రోజే ఫారం పట్టుకుని కూర్చోవాలి. ఎవరూ రాని పిల్లవాడైతే జువెనైల్ జస్టిస్ బోర్డుకు ఒక పేజీ అర్జీ పెట్టి రాతపూర్వకంగా ఆర్డరు తీసుకోవాలి. పెద్దవాళ్లు సంతకం పెట్టినా పిల్లవాడు వద్దంటే ఆగాలి. భయం తగ్గాక వాడే అడుగుతాడు.

తల్లికి చెప్పేటప్పుడు "మీవాడికి ఎయిడ్స్ టెస్టు" అని మొదలుపెట్టకండి. రక్త పరీక్షలు ఫలానా ఫలానా ఉన్నాయి, అందులో ఇదొకటి, వద్దంటే ఇది ఒక్కటీ మానేస్తాం అని చెప్పండి.

ల్యాబ్_శంకరం
శిబిరంలో చేసేది వేలి చివర రక్తంతో స్క్రీనింగ్ మాత్రమే. అందులో గీత వచ్చినంత మాత్రాన పాజిటివ్ కాదు. ఐసీటీసీకి (ప్రభుత్వ హెచ్ఐవీ కౌన్సెలింగ్, టెస్టు కేంద్రం) పంపి, మూడు వేర్వేరు కిట్లతో చూశాకే ఖాయం చేస్తారు. "లిస్టు" ఇవ్వమన్నది ఈ మొదటి గీత లిస్టే అయితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇంకోటి, నెగటివ్ కూడా గ్యారంటీ కాదు. యాంటీబాడీ టెస్టుకు మూడు నెలల వరకు విండో (సోకినా టెస్టులో కనపడని కాలం) ఉంటుంది. గత నెలలో ఏదైనా జరిగి ఉంటే ఈ రోజు నెగటివ్‌తో పెద్ద ఉపయోగం లేదు, మళ్లీ చేయాలి. సూది ఒకసారే గుచ్చాలనుకుంటే అదే రక్తంలో సవాయికి (సిఫిలిస్) ఆర్పీఆర్ పరీక్ష, హెపటైటిస్ బి, సి కూడా చూడండి. హోంలో తిరిగే రేజర్ల సంగతి తెలిస్తే నేనైతే హెచ్ఐవీ కంటే ముందు హెపటైటిస్ బి గురించే కంగారుపడతాను.

దురద_డాక్టరు
అందరూ చట్టం దగ్గరే ఆగిపోయారు. పిల్లలు గోక్కుంటున్నారని రాశారు కదా, మొదలుపెట్టాల్సింది అక్కడ. వేళ్ల సందుల్లో, మణికట్టు, బొడ్డు చుట్టూ, నడుము, మర్మాంగాల మీద చిన్న పొక్కులు, రాత్రిపూట దురద ఎక్కువ, పక్క మంచం వాడికి కూడా ఉంది అంటే గజ్జే. మగపిల్లల్లో వృషణాల తిత్తి మీద గట్టి గుళ్లలా వస్తాయి, వాటిని చూసి సుఖరోగం అనుకుని పిల్లలు నోరు విప్పరు, సిబ్బంది కూడా అదే అనుమానిస్తారు.

మందు పర్మెత్రిన్ 5 శాతం క్రీము. ఒక్కొక్కరికి ఒక పూతకు 30 గ్రాముల ట్యూబు. మెడ నుంచి అరికాలి దాకా ఖాళీ లేకుండా రాయాలి: గోళ్ల కింద, వేళ్ల సందులు, పిరుదుల మధ్య, మర్మాంగాల మీద, అరికాళ్లు. 8 నుంచి 12 గంటలు ఉంచి స్నానం. మధ్యలో చేతులు కడుక్కుంటే మళ్లీ చేతులకు రాయాలి. వారం తర్వాత ఇదంతా మరోసారి.

లెక్క వేసుకోండి: 40 మంది పిల్లలు, పదిమంది సిబ్బంది, రెండు పూతలు. 100 ట్యూబులు. ఇండెంటు 20 ట్యూబులకు పెట్టి, దురద ఉన్నవాళ్లకే రాస్తారు, అందుకే ప్రతి నెలా మళ్లీ మొదటికే వస్తుంది. దురద లేనివాడి ఒంట్లో కూడా పురుగు ఉండొచ్చు, మొదటిసారి సోకితే దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందరికీ ఒకే రాత్రి రాయాలి, వార్డెన్‌తో సహా.

ఆ మర్నాడు పొద్దున దుప్పట్లు, బట్టలు 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూడు రోజులు మూతి కట్టి పెడితే పురుగు చస్తుంది. మందు పనిచేసినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. అది చూసి రోజూ క్రీము రాయకండి, చర్మం మండిపోతుంది.

బండ్లగూడ_మల్లేశ్
వార్డెన్‌కు గూడ రాయాలె అన్నరు సూడు, గాడ్నే ఆగుతది కథ. "నాకెందుకు గజ్జి" అంటడు.

దురద_డాక్టరు
@బండ్లగూడ_మల్లేశ్ రాత్రి డ్యూటీలో పిల్లల దుప్పటి కప్పుకుని పడుకునేది ఎవరంట మరి?

కృష్ణలంక_సిస్టర్
డాక్టరు గారి దానికి రెండు కలుపుతాను. చీము పట్టిన గజ్జి ఉన్న పిల్లవాడికి పొద్దున మొహం ఉబ్బినా, మూత్రం కోకాకోలా రంగులో వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కిడ్నీ దెబ్బతింటోందని అర్థం.

రెండోది, గజ్జలో (తొడ మొదట్లో) గుండ్రంగా అంచు ఎర్రగా ఉన్న మచ్చ గజ్జి కాదు, తామర. దానికి మెడికల్ షాపులో ఇచ్చే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత తామర రూపం మారి ఒళ్లంతా పాకుతుంది, చర్మం పలచబడి చారలు పడతాయి. ఉత్త క్లోట్రిమజోల్ 1 శాతం పూటకోసారి చొప్పున రోజుకు రెండుసార్లు, మచ్చ పోయాక కూడా రెండు వారాలు రాయాలి.

హోంలో తామర తగ్గకపోవడానికి అసలు కారణం లోపలి బట్టలు. సిగ్గుతో తలుపు వెనకో మంచం కిందో ఆరేసుకుంటారు, సగం తడిగానే వేసుకుంటారు. ఒక్కొక్కడికి కనీసం మూడు జతలు, కాలరు ట్యాగులా నంబరు కుట్టి, ఎండ తగిలే చోట వేరే తాడు కట్టించండి. తాడుకు ఖర్చు 50 రూపాయలు కూడా కాదు.

కొత్త_కౌన్సెలర్
రేజరు సంగతి ఎలా? క్షవరానికి బయటి నుంచి ఒకాయన నెలకోసారి వస్తారు.

ల్యాబ్_శంకరం
ప్రతి తలకూ కొత్త సగం బ్లేడు, పిల్లవాడి కళ్ల ముందే కాగితం విప్పాలి. వాడిన ముక్క నోరు చిన్నదైన ప్లాస్టిక్ డబ్బాలో పడాలి, చెత్తబుట్టలో కాదు. పిల్లలు ఏరుకుంటారు, అక్కడే రెండో సమస్య మొదలవుతుంది: పచ్చబొట్లు. పెన్ను రీఫిల్ సిరా, పిన్నీసు, ఒకే సూదితో ఐదుగురు. హెపటైటిస్ బి, సి ఎక్కడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. బి వైరస్ గది వాతావరణంలో ఎండిన రక్తంలో కూడా వారం రోజుల దాకా బతుకుతుంది.

రక్తం నేల మీద పడితే: గ్లవ్స్ వేసుకుని గుడ్డతో కప్పి, 1 శాతం క్లోరిన్ నీళ్లు పోసి పది నిమిషాలు వదిలేసి తుడవాలి. బ్లీచింగ్ పౌడరులో 30 శాతం క్లోరిన్ ఉంటే లీటరు నీటికి సుమారు 33 గ్రాములు. ఏ రోజుకారోజు కలపాలి, నిన్నటి నీళ్లు పనికిరావు. మరుగుదొడ్డి యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, వచ్చే వాయువుకు మనుషులు పడిపోతారు. ఈ నీళ్లు నేలకే, గాయానికి కాదు. గాయమైతే సబ్బు, ధారగా నీళ్లు, అంతే. పిండకూడదు, స్పిరిట్ పోయకూడదు.

కృష్ణలంక_సిస్టర్
హెపటైటిస్ బి టీకా దేశమంతటా చిన్నపిల్లల షెడ్యూల్లోకి వచ్చింది 2011లో. కాబట్టి ఇప్పుడు హోంలో ఉన్న 16, 17 ఏళ్ల వాళ్లలో చాలామందికి పడకపోయి ఉండొచ్చు, కార్డు ఎలాగూ ఉండదు. కార్డు లేకపోతే వేయలేదనే లెక్క. 0, 1, 6 నెలలకు మూడు డోసులు. పడినవాడికి మళ్లీ వేసినా నష్టం లేదు.

ప్రొబేషన్_బండి
ఆరు నెలలు ఎవడుంటాడమ్మా! కొందరు వారంలో బెయిలు మీద పోతారు. విచారణే నాలుగు నెలల్లో ముగించాలని చట్టం.

కృష్ణలంక_సిస్టర్
తెలుసు. అందుకే మొదటి డోసు చేరిన వారంలోనే వేసేయాలి, తేదీలు రాసిన చీటీ తల్లి చేతిలో పెట్టాలి. రెండో డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి వేయనక్కర్లేదు, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే.

టెక్సాస్_నర్సమ్మ
ఇక్కడ అమెరికాలో కూడా ఇదే గొడవ, మందు వేరు అంతే. జువెనైల్ డిటెన్షన్‌లో చేరగానే క్లమీడియా, గనేరియా అనే సుఖరోగాలకు మూత్రం పరీక్ష. సీడీసీ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) 2021 మార్గదర్శకాల ప్రకారం నిర్బంధంలో ఉన్న 35 ఏళ్ల లోపు ఆడవాళ్లకు, 30 లోపు మగవాళ్లకు చేరేటప్పుడే చేయాలి. గంట ముందు నుంచి మూత్రానికి వెళ్లకూడదు, మొదట వచ్చే 20–30 మిల్లీలీటర్లే పట్టాలి. మధ్యలో పట్టిన మూత్రంలో క్రిమి చిక్కకపోవచ్చు, తుడుచుకుని పట్టినా అంతే. యూరిన్ ఇన్ఫెక్షన్ టెస్టు అలవాటుతో కొత్త నర్సులు ఇక్కడే తప్పుతారు.

సుఖరోగాల చికిత్సకు మైనరు తానే సమ్మతి ఇవ్వొచ్చు, 50 రాష్ట్రాల్లోనూ. తలనొప్పంతా ఫలితం వచ్చేలోపు పిల్లలు విడుదలైపోవడం. 2025 జనవరి 1 నుంచి మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) అర్హత ఉన్న, శిక్ష ఖరారైన పిల్లలకు విడుదలకు ముందు 30 రోజుల్లో పరీక్షలు, కేస్ మేనేజ్‌మెంట్ తప్పనిసరి చేశారు. కాగితం మీద బావుంది.

ల్యాబ్_శంకరం
అక్కా, ఆ మూత్రం మాలిక్యులర్ టెస్టు మాకు జిల్లా స్థాయిలో మామూలుగా దొరకదు. ఇక్కడ లక్షణం చూసి మందుల కిట్టు ఇస్తారు. లక్షణం లేని క్లమీడియా మన లెక్కలోకే రాదు, అది నిజం.

కొత్త_కౌన్సెలర్
కిట్లు అంటే రంగులవా? అవి హోంకే తెప్పించి ఉంచితే?

దురద_డాక్టరు
హోం అల్మారాలో ఉంచకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో సుఖరోగాలు చూసే సురక్ష క్లినిక్ ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లాలి. రంగులు తెలిసుంటే మంచిదే. మూత్రనాళం నుంచి చీము, మంట ఉంటే బూడిద రంగు కిట్టు: అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, రెండూ ఒకేసారి, నర్సు ఎదుట మింగాలి. పుండు ఉండి నీటి పొక్కులు లేకపోతే తెల్ల కిట్టు: బెంజాథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, పిరుదుకు 12 లక్షల చొప్పున, దాంతోపాటు అజిత్రోమైసిన్ 1 గ్రాము. పెన్సిలిన్ పడని వాడికి నీలం. నీటి పొక్కులైతే ఎరుపు, అసైక్లోవిర్ 400 రోజుకు మూడుసార్లు ఏడు రోజులు.

సవాయి పుండు నొప్పి పెట్టదు. మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానుతుంది. "తగ్గిపోయింది సార్" అంటాడు పిల్లవాడు. ఆ తర్వాత అరిచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు వస్తే అదే రెండో దశ. ఇంజక్షన్ చేసిన రాత్రి జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి, అది అలర్జీ కాదు, క్రిములు చస్తున్నప్పటి ప్రతిక్రియ, పారాసిటమాల్ చాలు. ఈ సంగతి రాత్రి డ్యూటీ వాళ్లకు ముందే చెప్పకపోతే "పెన్సిలిన్ పడలేదు" అని ఫైల్లో రాసేస్తారు, ఇక జన్మలో ఎవరూ వాడికి ఆ మందు ఇవ్వరు.

గోదారి_గట్టు
ఇక్కడ ఎవరూ అనని మాట నేనంటా. సదస్సులో కండోమ్ గురించి చెప్పాలా వద్దా? 15 ఏళ్ల వాళ్లకు అవి చూపించి మనమే దారి చూపినట్టు కాదా?

సబ్బు_బిళ్ళ
చెప్పాలి. ఆ పిల్లల్లో చాలామంది బయట చూడాల్సినవన్నీ చూసే వచ్చారు. దారి మనం చూపేదేం లేదు, తెలిసిన దారిలో గుంతలెక్కడో చెబుతున్నాం.

నెల్లూరు_లాయరు
చెప్పడం వేరు, పంచడం వేరు. 18 లోపు లైంగిక చర్య ఏదైనా పోక్సో కింద నేరం, హోంలో పంచితే సంస్థే ఒప్పుకున్నట్టు అవుతుంది. పెద్దల జైళ్లలో కండోమ్‌లు ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి సంస్థల సిఫారసు ఉంది. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించలేం.

గోదారి_గట్టు
అంటే లోపల ఏమీ జరగదని నటిద్దాం అంటారు.

నెల్లూరు_లాయరు
కాదు. లోపల జరిగేదాంట్లో ఎక్కువ భాగం పెద్దవాడు చిన్నవాడి మీద చేసేదే. దానికి మందు కండోమ్ కాదు. వయసువారీగా పడకలు వేరు చేయడం, రాత్రి లైటు, మెలకువగా ఉండే మనిషి. ఫిర్యాదుల పెట్టె తాళంచెవి సూపరింటెండెంట్ దగ్గర ఉండకూడదు. సిబ్బందే చేస్తే పోక్సోలో అది తీవ్రమైన నేరం, అబ్జర్వేషన్ హోం పేరు సెక్షన్‌లోనే ఉంది.

సబ్బు_బిళ్ళ
ఇద్దరి మాటా ఉంచుకోవచ్చు. 16 దాటినవాళ్లకు, విడుదల దగ్గర పడ్డవాళ్లకు విడిగా చెప్పండి: కవరు మీద గడువు తేదీ, జేబులో వేడికి పాడవుతుంది, కొబ్బరి నూనె తగిలితే లేటెక్స్ చిరుగుతుంది, రెండు కలిపి వేస్తే రాపిడికి రెండూ పోతాయి. ఆసుపత్రిలో ఉచితంగా ఎక్కడ దొరుకుతాయో. అక్కడితో ఆపండి.

ఇక సదస్సు సంగతి. ఒక గంట, 40 మంది, మైకు అయితే నవ్వులు తప్ప ఏమీ మిగలవు. పదేసి మంది చొప్పున, ఒక్కోటి 40 నిమిషాలు, నాలుగు దఫాలు అడగండి. మొదటి దఫాలో రోగాల ఊసే ఎత్తకండి. ఒళ్లు, శుభ్రత, నిద్రలో స్ఖలనం, గోడల మీద రాసుండే "నరాల బలహీనత" ప్రకటనలు. సగం భయం అక్కడే దిగిపోతుంది. అదే దఫాలో రెండు ఎమర్జెన్సీలు చెప్పాలి. వృషణంలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతి వస్తే మెలిపడిందేమో, ఆరు గంటల్లో ఆపరేషన్ కాకపోతే పోతుంది. అంగం మీద వెనక్కి జరిపిన ముందు చర్మం మళ్లీ రాకుండా వాచిపోతే అది కూడా ఆ పూటే చూపించాలి. ఇవి సిబ్బందికీ చెప్పండి, "నాటకాలు ఆడుతున్నాడు" అని పొద్దున దాకా ఆపుతారు.

ప్రశ్నలు చీటీల్లో రాయించండి. అందరికీ ఒకే సైజు కాగితం, ఒకే రంగు పెన్ను, అడగడానికేమీ లేనివాడు కూడా ఖాళీ చీటీ మడిచి వేయాలి. చదువురాని వాళ్లుంటారు కాబట్టి ప్రతి ఒక్కడితోనూ ఐదేసి నిమిషాలు విడిగా కూర్చోండి, ఎవరిని పిలిచారన్న చర్చే రాదు.

బండ్లగూడ_మల్లేశ్
విడిగా అంటే తలుపు మూసి గాదు. అద్దం ఉన్న గది, బయటోళ్లకు కనవడాలె, వినవడొద్దు. పోరని రక్షణకు గూడ, మీ రక్షణకు గూడ.

కొత్త_కౌన్సెలర్
విడిగా మాట్లాడినప్పుడు ఎవరైనా నాకిలా జరిగింది అంటే?

నెల్లూరు_లాయరు
వాడు నోరు తెరవకముందే మీరు చెప్పాలి: "నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది, కానీ ఎవరైనా నిన్ను లైంగికంగా హింసించారంటే నేను పై వాళ్లకు చెప్పక తప్పదు." పోక్సో సెక్షన్ 19 ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి, చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు. కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా. సూపరింటెండెంట్‌కు చెప్పాం కదా అంటే సరిపోదు.

దురద_డాక్టరు
ఇక్కడ నాకు లాయరు గారితో పేచీ. 17 ఏళ్లవాడు బయట ఇష్టపూర్వకంగా తిరిగి సెగరోగంతో వస్తే దానికీ రిపోర్టు అంటే, వాడు క్లినిక్ మెట్లెక్కడు, గోడ మీది ప్రకటన నంబరుకు ఫోన్ చేస్తాడు. 2022 సెప్టెంబరులో గర్భస్రావం కేసులో సుప్రీంకోర్టు, మైనరు కోరితే రిపోర్టులో పేరు, గుర్తింపు రాయనక్కర్లేదని డాక్టర్లకు వెసులుబాటు ఇచ్చింది. సుఖరోగానికి అదీ లేదు.

నెల్లూరు_లాయరు
చట్టం వయసు చూస్తుంది, ఇష్టం చూడదు. మీ పేచీ పార్లమెంటుతో. కాకపోతే ఒకటి, చికిత్స ఎఫ్ఐఆర్ కోసం ఆగకూడదు. మందు ముందు, కాగితం తర్వాత.

కృష్ణలంక_సిస్టర్
ఆగితే పోయేది ఇదీ: హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే పీఈపీ 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది, రెండు గంటల్లో అయితే మరీ మంచిది. 30 కిలోలు దాటిన పిల్లవాడికి టీఎల్‌డీ (మూడు హెచ్ఐవీ మందులు కలిపిన మాత్ర), రోజుకోటి, 28 రోజులు. ఆదివారం ఏఆర్టీ (హెచ్ఐవీ మందులిచ్చే) సెంటర్ మూసి ఉందని సోమవారం దాకా ఆపొద్దు, పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో మొదటి డోసు దొరుకుతుంది. హెపటైటిస్ బి టీకా అప్పుడే. ఆడపిల్లయితే గర్భం రాకుండా మాత్ర కూడా. హెచ్ఐవీ, సుఖరోగాలు సోకకుండా మందు, గర్భం రాకుండా మాత్ర సంగతి పోక్సో రూల్స్ 2020లో ఆరో రూలులోనే ఉంది. మళ్లీ రక్త పరీక్ష ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు.

స్నానం చేయించకుండా తీసుకెళ్లండి, వేసుకున్న బట్టలు కాగితం సంచిలో. ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మకు ఆధారం పాడవుతుంది. 96 గంటల దాకా నమూనాలు తీస్తారు, అది దాటినా వైద్యం మాత్రం చేయాల్సిందే.

విశాఖ_పద్మ
అందరూ మగపిల్లల గురించే రాస్తున్నారు. ఆడపిల్లల హోంలో మొదటి సమస్య మూత్రం మంట. రాత్రి డార్మెటరీకి తాళం, మరుగుదొడ్డి బయట. రాత్రి వెళ్లాల్సొస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. నెలకోసారి యాంటీబయాటిక్ ఇచ్చి తోలేస్తారు తప్ప తాళం సంగతి ఎవరూ అడగరు.

ప్యాడ్‌లు నెలకు ఇన్నని లెక్కపెట్టి ఇస్తే ఒకటే రోజంతా ఉంచుకుంటారు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి, అంటే రోజుకు నాలుగు చొప్పున చూసినా ఐదు రోజులకు 20 పడుతుంది. అడిగి తీసుకునే పద్ధతి కాకుండా స్నానాల గదిలోనే పెట్టండి.

తెల్లబట్ట అంతా రోగం కాదు. పల్చగా, వాసన లేకుండా ఉంటే మామూలే. పెరుగు విరిగినట్టు ఉండి దురదైతే ఫంగస్. చేపల వాసనో, ఆకుపచ్చ నురగో ఉంటే డాక్టరుకు చూపాలి, ఆకుపచ్చ కిట్టు ఇస్తారు, ముందు నెలసరి తేదీ అడగాలి. డెటాల్‌తో లోపల కడుక్కోమని సలహా ఇచ్చే ఆయాలు ఇంకా ఉన్నారు. అది ఆపండి.

హోంలో చేర్చుకునేటప్పుడు "పరీక్ష" పేరుతో రెండు వేళ్ల పరీక్ష చేయకూడదు. అత్యాచార బాధితులకే అది చేయకూడదని సుప్రీంకోర్టు 2022లో తేల్చి చెప్పేసింది.

ప్రొబేషన్_బండి
చేరేటప్పుడు పరీక్ష గురించి: జువెనైల్ జస్టిస్ మోడల్ రూల్స్ 2016 ప్రకారం 24 గంటల్లో డాక్టరు చూడాలి, తర్వాత నెలనెలా. ఆ రోజే గజ్జి, గాయాలు, రెండు వారాలు దాటిన దగ్గు, వాడుతున్న మందులు నాలుగూ అడిగితే చాలు. ఏఆర్టీ మాత్రలు వేసుకునే పిల్లవాడు భయంతో చెప్పడు, మాత్రలు ఆగిపోతాయి. "రోజూ వేసుకునే మాత్రలేమైనా ఇంట్లో ఉన్నాయా" అని అందరినీ అడగాలి, రోగం పేరు ఎత్తకుండా. మాత్ర బీపీ మాత్రలా మామూలు డబ్బాలోంచి ఇవ్వాలి.

కొత్త_కౌన్సెలర్
సరే, ఇలా అడుగుదామనుకుంటున్నా: టెస్టు శిబిరం ఇప్పుడు వద్దు, ముందు గజ్జి మందు ఒకే రాత్రి, ఆ వారంలోనే హెపటైటిస్ టీకా, తర్వాత నాలుగు దఫాలు, టెస్టు అడిగినవాళ్లను ఐసీటీసీకి. రిజిస్టరు ఎలా రాయాలి?

ప్రొబేషన్_బండి
హోం ఆరోగ్య రిజిస్టర్లో "ఆసుపత్రికి పంపాం, మందు ఇచ్చారు, మళ్లీ రావాల్సిన తేదీ" ఇంతే. రోగం పేరు ఐసీటీసీ దగ్గర ఉన్న కోడ్ నంబరు ఫైల్లో ఉంటుంది. పిల్లవాడి కేసు ఫైల్లో, బోర్డుకు వెళ్లే నివేదికలో హెచ్ఐవీ అని రాయకండి, అది పేష్కారు నుంచి ప్యూను దాకా పది చేతులు మారుతుంది.

గోదారి_గట్టు
100 ట్యూబులకు డబ్బెవరిస్తారు?

దురద_డాక్టరు
పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు పేరున ఇండెంటు పెట్టించండి, జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు కాపీ. అంత స్టాకు లేదంటే ఐవర్‌మెక్టిన్ మాత్రలు, కిలోకు 200 మైక్రోగ్రాములు, వారం పది రోజుల తేడాతో రెండుసార్లు. 40 కిలోల వాడికి 8 మిల్లీగ్రాములు పడుతుంది, 6 మిల్లీగ్రాముల మాత్ర అయితే ఒకటిన్నర వేస్తారు. గర్భంతో ఉన్నవాళ్లకు, 15 కిలోల లోపు వాళ్లకు వద్దు. బెంజైల్ బెంజోయేట్ ఉందంటారు, అది మర్మాంగాల మీద భగ్గుమంటుంది, పిల్లలు రెండోసారి రాయించుకోరు.

కృష్ణలంక_సిస్టర్
శనివారం రాత్రి పెట్టుకోండి. ఆదివారం బోర్డు ఉండదు, పిల్లలంతా హోంలోనే ఉంటారు. నీళ్ల ట్యాంకరు ముందే చెప్పుకోవాలి, 50 మంది స్నానం, దుప్పట్లు ఒకే పొద్దున. ముసురు పట్టే వారమైతే మాత్రం వాయిదా వేయండి, తడి దుప్పట్లతో మీకు తామర మొదలవుతుంది.